క్యూబ్ తీసుకోవాలా, వదిలేయాలా: పాతిక శాతం లెక్క, అది ఎప్పుడు చాలదు

పాచికలు వేసి కాయల్ని బోర్డులో తమ చివరి ఆరు గడులకి (ఇంటికి) చేర్చి, అక్కడి నుంచి అన్నీ ముందుగా బయటికి తీసినవాడు గెలిచే ఆట బ్యాక్‌గామన్. అందులో అవతలి ఆటగాడు పాచికలు వేయకముందే క్యూబ్‌ని, అంటే పందేన్ని రెట్టింపు చేసే పాచికని, 2 మీదికి తిప్పి మీ ముందు పెట్టాడు. మీకు రెండే దారులు. వదిలేస్తే ఒక పాయింటు పోతుంది, ఆట అక్కడితో సరి. తీసుకుంటే ఆట రెండు పాయింట్ల మీద నడుస్తుంది. క్యూబ్ మీ వైపుకి వస్తుంది, మళ్లీ దాన్ని తిప్పే హక్కు ఇక మీ ఒక్కరిదే.

ఇక్కడ చాలామంది "నేను గెలుస్తానా?" అని ఆలోచిస్తారు. ఆ ఆలోచనే పక్కదారి పట్టిస్తుంది. తెలిసినవాడు డబుల్ చేశాడంటే మీరు వెనకబడి ఉన్నట్టే, అందులో కొత్తేమీ లేదు. తేల్చుకోవాల్సింది ఏ దారిలో తక్కువ పోతుందని. రమ్మీ ఆడేవాళ్లకి ఇది అలవాటైన తూకమే. ముక్కలు చూసుకుని 20కి ఫస్ట్ డ్రాప్ చేయాలా, ఫుల్ కౌంట్ 80కి తెగించి ఆడాలా అన్నది కూడా ఇలాంటి నిర్ణయమే. కాకపోతే బ్యాక్‌గామన్‌లో మూసిన ముక్కలుండవు. బోర్డంతా కళ్లెదుటే ఉంటుంది కాబట్టి లెక్క కట్టవచ్చు.

ఇదే స్థితి నుంచి 100 ఆటలు ఆడారనుకోండి. అన్నీ వదిలేస్తే 100 పాయింట్లు పోతాయి. అన్నీ తీసుకుని 25 గెలిచారంటే 50 పాయింట్లు వస్తాయి, ఓడిన 75లో 150 పోతాయి. నికరంగా పోయేది అదే 100. అంటే నూటికి 25 గెలుపుల దగ్గర తీసుకున్నా వదిలేసినా ఒకటే. అక్కడి నుంచి ఒక్కో శాతం తేడాకి 100 ఆటల్లో 4 పాయింట్లు మారతాయి, ఎందుకంటే ఒక ఓటమి గెలుపైతే పోవాల్సిన 2 మిగులుతాయి, మరో 2 వస్తాయి. 23 శాతంతో తీసుకుంటే 108 పోతాయి, అంటే నష్టం 8 మాత్రమే. అదే 35 శాతం ఉన్న ఆటని భయపడి వదిలేస్తే, 60తో పోయేదానికి 100 ఇచ్చుకున్నట్టు. కొత్తవాళ్లలో ఎక్కువగా కనిపించే తప్పు ఈ రెండోదే. ఒక కాయ దెబ్బ తిని బార్ (కొట్టిన కాయలు ఉండే బోర్డు మధ్య పట్టీ) మీదికి వెళ్లగానే, లెక్క చూసుకోకుండా క్యూబ్ వదిలేస్తారు.

బోర్డు ముందు శాతాల కంటే 36 అన్న అంకె ఎక్కువ పనికొస్తుంది. రెండు పాచికలకి పడగల జతలు 36. అందులో పాతిక శాతం అంటే 9. ఆట చివరి ఘట్టంలో ఇది ఎంత కచ్చితంగా పనిచేస్తుందో చూడండి. మీకు మిగిలింది ఒకే కాయ, మీ వంతు వస్తే అది తప్పకుండా బయటికి పోతుంది. అవతలివాడు ఈసారి తన కాయలన్నీ తీసేస్తేనే గెలుస్తాడు. అప్పుడు క్యూబ్ ఇచ్చాడు.

అతనికి 4వ గడిలో ఒకటి, 1వ గడిలో ఒకటి ఉన్నాయనుకుందాం (గడి అంకె అంటే బయటికి పోవడానికి కావలసిన అడుగులు). 1-1, 2-1, 3-1, 3-2 పడితేనే ఒక కాయ మిగులుతుంది. జత 1-1 ఒక రకంగానే పడుతుంది, మిగతావి రెండేసి రకాలుగా. మొత్తం 7. తొమ్మిదికి తక్కువ కాబట్టి వదిలేయాలి. అవే కాయలు 3లోనూ 2లోనూ ఉంటే? ఒకటి పడిన ప్రతి జతా అతనికి చాలదు, అలాంటివి 11. తీసుకోవాలి. పిప్పులు (కాయలు నడవాల్సిన మొత్తం అడుగులు) రెంటికీ 5 చొప్పునే, కానీ ఒకటి పాస్ (వదిలేయడం), ఒకటి టేక్ (తీసుకోవడం). 2లో రెండు కాయలుంటే తప్పేవి 10, అదీ టేకే. 6వ గడిలో ఒంటరి కాయ ఉంటే తప్పేవి సరిగ్గా 9, ఏది చేసినా ఒకటే. 5, 2 అయితే 17 జతలు తప్పుతాయి, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. అయినా అక్కడ అతను డబుల్ చేయడం సరైనదే, 19 జతలు అతనివి కదా. సరైన డబుల్‌కి సరైన జవాబు టేక్ కావచ్చన్నది చాలామందికి మింగుడుపడదు. క్యూబ్ ఇచ్చాడంటే వదిలేయమని బెదిరించడం కాదు.

ఒక జాగ్రత్త. పై లెక్కంతా మీ వంతులో మీ కాయ ఖాయంగా పోతుందన్న షరతు మీదే. మీకు కూడా 3, 2లో రెండు కాయలుంటే, అతను తప్పినా మీరు 36లో 25 సార్లే తీయగలరు. అతనికి తప్పే 11ని ఆ 25/36తో తగ్గించుకుంటే ఏడున్నర మిగులుతుంది. గెలుపుల లెక్క ఒక్కటే చూస్తే టేక్ కాస్తా పాస్ అయినట్టే. కానీ అతను తప్పాక మీరు క్యూబ్‌ని 4కి తిప్పగలరు, ఆ లాభం కలిపితే ఇది మళ్లీ టేకే.

ఇక క్యూబ్ మీ చేతిలో ఉండటానికున్న విలువ. క్యూబ్‌ని 1920ల్లో న్యూయార్క్ క్లబ్బుల్లో ప్రవేశపెట్టారు. తర్వాత ఆట రూపమే మారిపోయింది, దానికి కారణం పందెం పెరగడం ఒక్కటే కాదు, ఆ హక్కు చేతులు మారడం కూడా. క్యూబ్ మీ దగ్గరుంటే ఆట తిరగబడినప్పుడు మీరే 4కి తిప్పి అవతలివాణ్ని గెంటేయవచ్చు. ఆటలో పైచేయి ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా మారుతుందని ఊహించుకోండి. 20 శాతం దగ్గర తీసుకున్నారు. 80కి చేరగానే తిప్పుతారు, అతను వదిలేస్తాడు, మీకు 2 పాయింట్లు. 20 నుంచి సున్నాకి పడిపోకుండా 80కి ఎక్కే అవకాశం నాలుగింట ఒకటి. ఒక వంతు 2 గెలిచి మూడు వంతులు 2 ఓడితే సగటున పోయేది 1. అంటే 20 శాతానికే తీసుకోవచ్చు. కీలర్, స్పెన్సర్ అనే ఇద్దరు గణితజ్ఞులు 1975లో అచ్చయిన పరిశోధన పత్రంలో తేల్చింది ఈ 80–20 హద్దునే.

నిజమైన ఆట అంత మెత్తగా సాగదు. ఒక్క జతతో 30 నుంచి 90కి దూకుతుంది, తిప్పడానికి సరైన క్షణం చేజారుతుంది. అందుకే గామన్ (రెట్టింపు ఓటమి, దాని సంగతి కింద చూద్దాం) ప్రమాదం లేని మామూలు స్థితిలో 22 శాతం దగ్గర గీత గీసుకోవడం మంచిది. కానీ ఆ తగ్గిన మూడు శాతం ఊరికే రాదు. తీసుకున్నాక ఆట తిరిగినప్పుడు వెంటనే తిప్పేవాళ్లకే అది చెల్లుతుంది. క్యూబ్‌ని పక్కన పెట్టుకుని "ఇంకొంచెం చూద్దాం" అని కూర్చునేవాళ్లు 25 దగ్గరే ఆగిపోవాలి.

కొన్ని స్థితుల్లో క్యూబ్ చేతిలో ఉన్నా వాడే సందర్భమే రాదు. ఇద్దరికీ 1వ గడిలో ఆరేసి కాయలున్నాయి, అతని వంతు. డబుల్స్ (రెండు పాచికలకీ ఒకే అంకె, అప్పుడు నాలుగు ఎత్తులు) పడకపోతే ఇద్దరికీ మూడేసి సార్లు వేయాలి. మీరు గెలవాలంటే ముందు అతనికి డబుల్స్ పడకూడదు, ఆరింట ఐదు వంతులు. ఆ తర్వాత మీకు ఇప్పుడే డబుల్స్ పడి అతనికి పడకూడదు, లేదా ఇప్పుడు పడకపోయినా అతనికి మళ్లీ తప్పి మీకు రెండోసారి పడాలి. ఈ రెండు దారులూ కలిపి 216లో 55. దాన్ని ముందు చెప్పిన ఆరింట ఐదు వంతులతో గుణిస్తే 21.2 శాతం. "20 దాటింది కదా" అని తీసుకుంటే దెబ్బ తింటారు. ఈ స్థితిలో మీరు తిప్పి లాభపడే క్షణం ఒక్కటీ లేదు. పైకి వచ్చేసరికి ఆట అయిపోయి ఉంటుంది. కాబట్టి ఇక్కడ గీత 25 దగ్గరే, వదిలేయాలి. ఎనిమిదేసి కాయలైతే అదే పద్ధతిలో మీకు 25.5 వస్తుంది. తీసుకోవాలి. మూడు సార్లకి పాస్, నాలుగు సార్లకి టేక్. ఇదొక్కటీ కంఠతా పట్టండి, చాలాసార్లు ఎదురవుతుంది.

అసలు చిక్కంతా గామన్ దగ్గర. మీరు ఒక్క కాయ కూడా బయటికి తీయకముందే అవతలివాడు 15 కాయలూ తీసేస్తే రెట్టింపు పోతుంది, అంటే క్యూబ్ 2 మీద ఉంటే 4. ఈ ఆటలో డబ్బు పెట్టినా, ఉత్తి పాయింట్లకే ఆడినా, విడి ఆటల్లో ఎక్కువమంది జాకొబీ నియమం పాటిస్తారు. దాని ప్రకారం క్యూబ్ ఒక్కసారైనా తిరిగితేనే గామన్ లెక్కలోకి వస్తుంది. అంటే మీరు టేక్ అన్న క్షణానే అవతలివాడి గామన్‌లకి ప్రాణం పోస్తున్నారు.

లెక్క ఇలా. మీరు పోగొట్టుకునే గామన్‌ల శాతంలోంచి మీరు గెలిచే గామన్‌ల శాతం తీసేయండి. మిగిలినదాంట్లో సగం 25కి కలపండి. మీకు కావలసిన గెలుపులు అన్ని. ఉదాహరణకి మీరు నూటికి 31 గెలుస్తారు, అందులో 5 గామన్‌లు. ఓడే 69లో 25 గామన్‌లు. తేడా 20, సగం 10, కావలసినవి 35. క్యూబ్ హక్కు పేరుతో మూడు తగ్గించుకున్నా 32. మీ దగ్గరున్నవి 31. వదిలేయాలి. నేరుగా కూడితే కూడా అదే తేలుతుంది. మామూలు గెలుపులు 26కి 52, గామన్‌లు 5కి 20, మొత్తం 72 వస్తాయి. మామూలు ఓటములు 44కి 88, గామన్‌లు 25కి 100, మొత్తం 188 పోతాయి. నికరం 116 నష్టం, వదిలేస్తే పోయేది 100. మూడింట ఒక వంతు దాకా గెలిచే ఆట కూడా పాస్ కావచ్చని నమ్మడానికి మొదట్లో మనసొప్పదు. టేక్ చేసి ఎక్కువగా నష్టపోయేది మాత్రం ఇలాంటి చోట్లే.

మరి ఆ గామన్‌ల శాతం బోర్డు చూసి ఎలా పట్టుకోవడం? వెనక చిక్కుకున్న కాయలు ముందు. బార్ మీదున్న కాయ మీ ఇంటి 6వ గడికి రావాలంటే 19 పిప్పులు, అవతలివాడి 1వ గడిలో ఉన్నది రావాలంటే 18. రెండు పాచికలు ఒకసారి వేస్తే సగటున 8 పిప్పులకి కొంచెం పైన వస్తాయి. వెనక రెండు కాయలు, మధ్య గడిలో (మీ 13వ గడి) మూడు కాయలు ఉన్నాయనుకోండి. 36, 21 కలిసి 57. అంటే అవి ఇల్లు చేరడానికే ఏడు సార్లు వేయాలి, ఆపైన ఒక్కటైనా బయటికి తీయాలి. అన్ని కాయలూ ఇంటికి చేర్చుకున్న అవతలివాడికి 15 తీయడానికి ఏడెనిమిది సార్లు పడుతుంది. ఈ స్థితిలో గామన్ దాదాపు బొమ్మా బొరుసూ. అందులోనూ వెనక గడిని పట్టుకుని దెబ్బ కోసం చివరిదాకా కూర్చుంటే, పరుగు మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోతుంది.

ఇక్కడే యాంకర్ విలువ తెలుస్తుంది. అవతలివాడి ఇంట్లో 5వ గడినో 4వ గడినో రెండు కాయలతో పట్టుకుని ఉంటే మీరు బార్ మీద ఇరుక్కుపోరు, వెనక కాయలకి ఇల్లు దగ్గర, గామన్‌లు తక్కువ. పరుగులో మరీ వెనకబడితే తప్ప అలాంటివి ఎక్కువగా టేకులే. 1వ గడి యాంకర్ ఒక్కటే మిగిలిన ఆట వేరు. అది ఆరింట ఒకటి దగ్గర గెలుస్తుంది, పైగా గామన్‌లు. వదిలేయండి. యాంకరే లేకుండా బార్ మీద కాయ ఉన్నప్పుడు, అవతలివాడి ఇంట్లో ఎన్ని గడులు (రెండు లేదా అంతకు మించి కాయలతో) మూశాడో లెక్కపెట్టండి. మూడు మూస్తే 36లో 9 జతలకి మీరు లోపలికి రాలేరు, నాలుగు మూస్తే 16, ఐదు మూస్తే 25. మూడు నుంచి నాలుగుకి వెళ్లేటప్పుడు పెరిగే ఆ 7 జతలు చాలా టేకుల్ని పాసులు చేస్తాయి.

దెబ్బ కొట్టే ఆశ మీద తీసుకునేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ఆరు గడుల దూరంలో ఒంటరి కాయ కనిపిస్తే, దారిలో అడ్డు లేనప్పుడు 17 జతలు తగులుతాయి. ఒక గడి దూరమైతే 11. ఈ అంకెలు తెలిసినవాళ్లు "మూడింట ఒకటి, చాలు" అనుకుంటారు. కానీ ఒంటరి కాయ ఇంకా బయటపడలేదు. అది సగంసార్లే బయటపడుతుందనుకుంటే మూడింట ఒకటి కాస్తా ఆరింట ఒకటి. తగిలాక గెలవడం మళ్లీ వేరే సంగతి, మీ ఇంట్లో గడులు విరిగిపోయి ఉంటే కొట్టిన కాయ వెంటనే తిరిగి వచ్చేస్తుంది. గుణకారం మధ్యలో ఆపేయకండి.

తొందరలో అంత లెక్క కుదరకపోతే మూడు విషయాలు చూడండి. గడుల అమరిక ఎవరిది బాగుంది, పరుగులో ఎవరు ముందున్నారు, వచ్చే వంతులోనే పెద్ద దెబ్బ వేసే అవకాశం ఎవరిది. రెండిట్లో అవతలివాడిది పైచేయి అయితే సాధారణంగా డబుల్, టేక్. మూడిట్లోనూ అయితే పాస్. ఇది మోటు కొలతే, కానీ తిన్నగా ఉంటుంది. బ్యాక్‌గామన్ నిపుణుడు కిట్ వూల్సీ చెప్పిన సూత్రం ఇంకొకటి ఉంది. టేకా పాసా అన్నది నిజంగా తేలకపోతే, డబుల్ చేయడం సరైనదే. అది క్యూబ్ ఇచ్చేవాడికి చెప్పింది. పుచ్చుకునేవాడికి కూడా ఊరట, ఎందుకంటే మీకు తేలడం లేదంటే అవతలివాడికీ తేలి ఉండదు.

కాయలు ఒకదాన్నొకటి దాటేసి ఉత్తి పరుగు మిగిలినప్పుడు పని సులువు. ముందున్నవాడి పిప్ కౌంట్‌కి 12 శాతం కలపండి. మీ కౌంట్ అంతలోపు ఉంటే టేక్. అతనికి 100 ఉంటే మీకు 112 దాకా తీసుకోవచ్చు, 113 అయితే వదిలేయాలి. కాయలన్నీ ఇళ్లలోకి చేరి పిప్పులు అరవై ప్రాంతానికి వచ్చాక ఇది మోసం చేస్తుంది, అప్పటికి కాయల అమరిక ముఖ్యమవుతుంది. అక్కడ టామ్ కీత్ అనే ఆయన రూపొందించిన లెక్క వాడండి. 1వ గడిలో ఒకటికి మించిన ప్రతి కాయకీ 2, 2వ గడిలో ఒకటికి మించిన ప్రతిదానికీ 1, 3వ గడిలో మూడుకి మించిన ప్రతిదానికీ 1, ఖాళీగా ఉన్న 4, 5, 6 గడులకి ఒక్కొక్కటి చొప్పున కౌంట్‌కి కలపాలి. ఇద్దరికీ ఇలా కలిపాక, పాచికలు వేయబోయేవాడి కౌంట్‌కి అందులో ఏడో వంతు కూడా చేర్చాలి, భిన్నం వదిలేసి. ఆ మొత్తం మీ కౌంట్ కంటే కనీసం 2 ఎక్కువ ఉంటే టేక్.

అవతలివాడికి 6, 5, 4 గడుల్లో మూడేసి, 3, 2 గడుల్లో రెండేసి, 1లో ఒకటి. పిప్పులు 56, 2వ గడి అదనపు కాయకి 1 కలిస్తే 57, ఏడో వంతు 8, మొత్తం 65. మీకు 6, 5లో నాలుగేసి, 4లో మూడు, మిగతా మూడింట్లో ఒక్కొక్కటి. 62, కలపాల్సిందేమీ లేదు. తేడా 3, టేక్. ఇప్పుడు మీ కాయలు వేరేలా ఉన్నాయనుకోండి. 6లో ఆరు, 5లో మూడు, 4 ఖాళీ, 3లో రెండు, 2లో ఒకటి, 1లో మూడు. పిప్పులు అవే 62. కానీ 1వ గడి అదనపు కాయలకి 4, ఖాళీ గడికి 1 కలిసి 67. అతని 65 మీ కంటే తక్కువే, వదిలేయాలి. 12 శాతం సూత్రం ఈ రెంటినీ టేక్ అనే చెబుతుంది.

ముందుగా ఇన్ని పాయింట్లు అని పెట్టుకుని ఆడే మ్యాచ్‌లో ఈ అంకెలేవీ యథాతథంగా నిలవవు, స్కోరు అన్నింటినీ మార్చేస్తుంది. రెండు ఉదాహరణలు చాలు. ఇద్దరికీ గెలవడానికి ఇంకా రెండేసి పాయింట్లు కావాలి, అతను డబుల్ చేశాడు. వదిలేస్తే అతనికి ఒక్కటే కావాలి, మీకు రెండు. ఒకరు గెలుపుకి ఒక్క పాయింటు దూరానికి వచ్చాక తర్వాతి ఒక్క ఆటలో క్యూబ్ వాడకూడదన్న క్రాఫర్డ్ నియమం వల్ల వచ్చే ఆటలో క్యూబ్ ఉండదు. అక్కడి నుంచి మ్యాచ్ గెలిచే అవకాశం మీకు 30 శాతం చుట్టుపక్కల. తీసుకుంటే ఈ ఆటతోనే మ్యాచ్ తేలిపోతుంది. కాబట్టి గీత 25 కాదు, 30. గామన్‌లు లెక్కలోకే రావు, మళ్లీ తిప్పడానికి కారణమూ లేదు.

రెండోది. మీకు ఇంకా 2 కావాలి, అతనికి 4. అతను డబుల్ చేశాడు. వదిలేస్తే మ్యాచ్‌లో మీ అవకాశం సుమారు 60. తీసుకుని గెలిస్తే 100, మామూలుగా ఓడితే చెరిసగం, 50. నలభై కోసం పది పణం, కాబట్టి 20 శాతం గెలుపులు చాలు అనిపిస్తుంది. కానీ గామన్ పోతే మ్యాచే పోతుంది. లెక్క వేస్తే కావలసిన గెలుపులు 20, దానికి మీరు కోల్పోయే గామన్‌ల శాతం మొత్తంగా కలపాలి, విడి ఆటలోలా సగం కాదు. గామన్‌లు 15 ఉంటే 35 కావాలి. పైగా క్యూబ్ మీకు నిరుపయోగం, 2 గెలిస్తే ఎలాగూ మ్యాచ్ మీదే. మ్యాచ్‌లో ముందున్నవాళ్లు దూకుడు స్థితుల్లో క్యూబ్ వదిలేయాల్సింది ఇందుకే. యాంకర్ ఉన్న ప్రశాంతమైన ఆటల్లో మాత్రం అదే స్కోరు దగ్గర ధైర్యంగా తీసుకోవచ్చు.

సాధనకి గ్నూ బ్యాక్‌గామన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. స్థితిని అందులో పెట్టి జవాబు చూసే ముందు కాగితం మీద మూడు అంకెలు రాయండి: మీ గెలుపుల శాతం, పోయే గామన్‌లు, వచ్చే గామన్‌లు. ఆ తర్వాత విశ్లేషణ తెరవండి. టేకా పాసా అన్న తీర్పు దగ్గర ఆగిపోకుండా, ఆ మూడింట్లో ఏది ఎంత తప్పిందో చూసుకోండి. గెలుపుల శాతం దాదాపు సరిగా వచ్చి గామన్‌లు సగానికి సగం తప్పుతుంటే, వెనక కాయల పిప్పులు లెక్కపెట్టడం దగ్గరికి తిరిగి వెళ్లాలి. అంకెలు మూడూ సరిపోయి తీర్పు మాత్రం తేడా వస్తే, ఆ స్థితిలో క్యూబ్ తిప్పే అవకాశం ఎంత ఉందో మళ్లీ చూడండి.